మూడు వందల నరసింహులు

శ్రీవాణి గొడుగు కమ్మీని సానరాయి మీద నాలుగుసార్లు రుద్ది, కొసను బొటనవేలి గోరుకు ఆనించింది. జారలేదు. పదును సరిపోయింది.

గొడుగు కమ్మీకి లోపలి వైపు సన్నటి గాడి ఉంటుంది. జానెడు ముక్క విరిచి, కొసను ఏటవాలుగా అరగదీసి, వెదురు పిడికి బిగిస్తే రబ్బరులో గీత తీయడానికి పనికొస్తుంది. బజారులో దొరికే కత్తి ఒకటి కొని చూసింది. అది రబ్బరును కోయలేదు, చింపింది. అప్పటినుంచి ఆ ఇంట్లో గొడుగు విరిగితే ఎవరూ పారేయరు.

ఆమె ముందు పీట మీద అరచేయంత రబ్బరు ముక్క ఉంది. దాని మీద లక్ష్మీనరసింహస్వామి. జూలు అయింది. కిరీటం, శంఖచక్రాలు అయ్యాయి. తొడ మీద కూర్చున్న అమ్మవారి కుచ్చెళ్లు అయ్యాయి. సోమవారం పొద్దున కూతురు సాత్వికను బడికి పంపి, రెండు వీధుల అవతల ఉన్న పుట్టింటికి వచ్చి వసారాలో కూర్చుంది. ఇప్పుడు మూడు కావస్తోంది. మిగిలింది కండ్లు. స్వామివి రెండు, అమ్మవి రెండు. నాలుగూ బాదంపప్పుల్లా ఉబ్బెత్తుగా ఉన్నాయి. కనుపాప వదిలి, అటూ ఇటూ ఒక్కో గాటు పెట్టి రబ్బరు తీసేస్తే, అచ్చు వేసినప్పుడు తెల్లగుడ్డు తేలుతుంది. మొత్తం ఎనిమిది గాట్లు.

ఆమె కమ్మీని పక్కన పెట్టింది. కండ్లు తెరవడం ఆమె పని కాదు.

ఇంటి ముందున్న రేకుల షెడ్డులో ఆమె తండ్రి మౌనాచారి నలభై ఏళ్లుగా విగ్రహాలు చెక్కుతున్నాడు. షెడ్డు మీది బోర్డులో 'మౌనాచారి అండ్ సన్స్, శిల్పులు, ఆళ్లగడ్డ' అని ఉంటుంది. ఆచారికి ఉన్నది ఒక్కడే కొడుకు, పవన్. షెడ్డు ముందు భాగంలో మగవాళ్లు చెక్కుతారు. వెనక భాగంలో ఆడవాళ్లు నీళ్లు పోసుకుంటూ సానరాళ్లతో విగ్రహాలను నునుపు చేస్తారు. శ్రీవాణి పదిహేనేళ్లు ఆ పనే చేసింది. ఏ దేవుడి ముక్కు పక్కన ఎంత లోతు ఉంటుందో ఆమె వేళ్లకు తెలుసు.

విగ్రహానికి ఆఖరున కండ్లు తెరుస్తారు. ఆ రోజు మౌనాచారి తలస్నానం చేసి, తూర్పు ముఖంగా కూర్చుని పాపలు గీస్తాడు. తొలిచూపు మనిషి మీద పడకూడదని విగ్రహానికి ఎదురుగా అద్దం పడతారు. అద్దం పట్టడం చిన్నవాళ్ల పని. ఇరవై ఏళ్లుగా పవన్ పడుతున్నాడు. ఆడవాళ్లను ఆ కాసేపు ఇంట్లోకి పొమ్మంటారు.

చిలకలు, మామిడి పిందెలు, ముగ్గులు చెక్కినన్నాళ్లు ఈ చిక్కు లేదు. వాటిని అచ్చు వేసిన కార్డులను అహోబిలంలో పూజాసామాన్ల అంగడిలో పెట్టి అమ్ముతుంది. అక్కడే చూశాడు శివప్రసాద్. నంద్యాలలో వాళ్లది చీరల అంగడి. ఉగాదికి అంగడి పెట్టి యాభై ఏళ్లు నిండుతాయి. మొదటి పదేళ్లలో తమ దగ్గర పెండ్లి చీర కొన్న ఇండ్ల వాళ్లకు కార్డులు పంపాలని అతని తల్లి నాగేశ్వరమ్మ పట్టుబట్టింది. మూడు వందలు. మీద స్వామి ఉండాలి. శుక్రవారానికి కావాలి.

చిలకలకు శ్రీవాణి చెప్పుల అడుగుకు వేసే రబ్బరు వాడేది. స్వామికి అది తగదని నంద్యాలలో స్టాంపులు చేసే అంగడి నుంచి కొత్త రబ్బరు తెప్పించింది.

మౌనాచారి షెడ్డులోంచి కాళ్లు కడుక్కోవడానికి వచ్చాడు. ఆమె లేచి రబ్బరు ముక్కను రెండు చేతులతో అందించింది. కండ్లు మాత్రం నువ్వు తెరువు నాయనా అని అడిగింది.

ఆయన కండువాతో చేతులు తుడుచుకుని దాన్ని వెలుగులో పెట్టి చూశాడు. వేలితో జూలు తడిమాడు. తడిమిన వేలు తొడ దగ్గర ఆగింది.

"అమ్మ కుడి తొడ మీద కూచోనుంది."

"అచ్చేస్తే ఎడమకొస్తాది నాయనా. అందుకే తిప్పి చెక్కినా."

"చెక్కేటప్పుడు వస్తాది, పోతాది అనే మాట ఉండదు మ్మే. చెక్కిందే స్వామి."

అమ్మవారు స్వామి ఎడమ తొడ మీదే ఉండాలి. ఆళ్లగడ్డలో ఉలి పట్టిన పిల్లవాడికైనా అది తెలుసు. శ్రీవాణి ఇంకా ఏదో చెప్పబోయింది. ఆయన ముక్కను పీట మీద పెట్టి, రబ్బరుకు కండ్లు తెరిచేది నేను యాడా చూడలేదని చెప్పి వెళ్లిపోయాడు.

మంగళవారం ఆమె కాగితం కోసం నంద్యాల పోయింది. బస్సులో సిరివెళ్ల దాటేదాకా నిలబడింది. కాగితాల అంగడిలో నాలుగు రకాలు చూపించారు. ఒక్కోదాన్ని మడిచి మడత దగ్గర పగులుతుందేమో చూసింది. పగలనిది తీసుకుంది. కావిరంగు సిరా రెండు సీసాలు తీసుకుంది. అక్కడినుంచి చీరల అంగడికి నడిచింది.

నాగేశ్వరమ్మ లోపల పరుపు మీద కూర్చుని ఎవరికో చీర విప్పి చూపిస్తోంది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. చీర విసిరితే కొంగు సరిగ్గా కొన్నవాళ్ల మోకాళ్ల ముందు పడుతోంది. శివప్రసాద్ గల్లా దగ్గర ఉన్నాడు. లోపల ఏం రాయాలో కాగితం మీద రాసి ఉంచాడు: 'మా అంగడికి యాభై ఏళ్లు. మీ ఇంటి పెండ్లి చీర మా చేత్తో ఇచ్చినాం. ఉగాది శుభాకాంక్షలు.' వెనకవైపు కింద ఒక వరుస రావాలన్నాడు. శిల్పి మౌనాచారి, ఆళ్లగడ్డ అని.

శ్రీవాణి కాగితం నుంచి తలెత్తింది.

"చెక్కేది నేనన్నా."

"నాకు తెల్దా అమ్మా? అహోబిలంలో నీ కార్డులు చూసే గదా నీ దగ్గరికొచ్చినా. అయితే మౌనాచారి అంటే నంద్యాలలో పదిమందికి తెలుసు. నీ పేరు ఎవరికి తెలుసు చెప్పు? కార్డుకు ఒక బరువుండాల గదా."

అతను కోపంగా అనలేదు, వెటకారంగానూ అనలేదు. చీర ధర చెప్పినట్టు చెప్పాడు. ఆమె సరేనంది. కాగితం మడిచి రవికలో పెట్టుకుని బస్టాండుకు పోయింది.

సాయంత్రం పుట్టింటికి వచ్చేసరికి పీట మీద రెండు రబ్బరు ముక్కలు ఉన్నాయి. ఒకటి ఆమెది. రెండోది కొత్తది.

మధ్యాహ్నమంతా షెడ్డుకు పోకుండా నాయన ఇక్కడే కూర్చున్నాడని పవన్ చెప్పాడు. మిగిలిన రబ్బరు అడిగి తీసుకున్నాడట. గొడుగు కమ్మీ చేతికి ఇమడకపోతే పిడికి గుడ్డ చుట్టుకున్నాడట. ఆలయం వాళ్ల ద్వారపాలకుడి పని ఆగిపోయిందని పవన్ గొణిగాడు.

శ్రీవాణి ముక్కను ఎత్తి చూసింది. జూలు ఆమె చెక్కిన దానికంటే పలుచగా, పాయలు పాయలుగా ఉంది. స్వామి పెదవి చివర ఒక గీత. దానితో మొహంలో కోపం తగ్గి, పక్కనున్న అమ్మ మాట వింటున్నట్టు అయింది. ఆ గీత తనకు తోచలేదు. కండ్లు తెరిచి ఉన్నాయి. అమ్మవారు ఎడమ తొడ మీద ఉంది.

అచ్చు వేస్తే కుడి తొడ మీదికి వస్తుంది.

మౌనాచారి ఆమె మాట వినక కాదు, నమ్మక ఆ పని చేశాడు. కూతురు తప్పు చేసిందనుకున్నాడు. పవన్ చెక్కిన వాటిలో తప్పులు పడితే పగటిపూట ఏమీ అనకుండా తర్వాత ఒక్కడే కూర్చుని సరిచేస్తాడు. ఆడపిల్ల పనికి అలా కూర్చోవడం ఇదే మొదలు. ఆ సంగతి ఆమెకు అర్థమైంది. అందుకే ముక్కను కిందపెట్టడానికి కొంతసేపు పట్టింది.

తల్లి శివమ్మ వంటింటి గడపలో నిలబడి చూస్తోంది. ఆమెకు సంగతి తెలిసిపోయింది.

"నీదాంతోనే అచ్చెయ్. ఆయనకు చెప్పొద్దు. అరవై ఎనిమిదేండ్ల మనిషికి తప్పు చూపిస్తావా?"

"కార్డు చూస్తాడు గదమ్మా. తన గీత అవునో కాదో ఆయనకు తెల్దా?"

"తెలిస్తే తెల్సనీ. నోటితో చెప్పాల్నా?"

శ్రీవాణి రెండు ముక్కలనూ గుడ్డలో చుట్టి పెట్టి, కూతురికి అన్నం పెట్టే వేళయిందని ఇంటికి పోయింది.

బుధవారం పొద్దున మౌనాచారి కాఫీ తాగుతుండగా ఆమె పీట తెచ్చి ఆయన ఎదురుగా వేసింది. అద్దపు పలక మీద సిరా పోసి స్పాంజితో పలుచగా పరిచింది. ఆయన చెక్కిన ముక్కకు సిరా అద్దింది. అద్దేటప్పుడు చేయి ఆగింది. మళ్లీ అద్దింది. కాగితం మీద బోర్లించి అరచేత్తో నొక్కి, ఒకటి, రెండు అని మనసులో లెక్కపెట్టి ఎత్తింది. కాగితాన్ని ఆయన వైపు తిప్పి పెట్టింది.

మౌనాచారి గ్లాసు కింద పెట్టాడు. కాగితాన్ని చూశాడు. రబ్బరును చూశాడు. మళ్లీ కాగితాన్ని చూశాడు. అమ్మవారు కుడి తొడ మీద ఉంది. చక్రం ఉండాల్సిన చేతిలో శంఖం ఉంది. శంఖం ఉండాల్సిన చేతిలో చక్రం ఉంది.

షెడ్డులో పవన్ కోత మిషను వేశాడు. ఆ మోత ఆగేదాకా ఆయన కదల్లేదు.

"నీది ఎయ్" అన్నాడు.

ఆమె తన ముక్కకు సిరా అద్ది నొక్కింది. స్వామి, ఎడమ తొడ మీద అమ్మ, కుడి చేత చక్రం. కండ్లు నాలుగూ సిరాతో నిండి మూసుకున్నట్టు ఉన్నాయి.

ఆయన రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకున్నాడు. చాలాసేపు చూసి, ఆమె అచ్చులో పెదవి చివర వేలు పెట్టాడు.

"ఈడ ఒక గీత తియ్యి. అంతే. తక్కినదానికి చెప్పేదేం లేదు."

శివమ్మ గడప దగ్గరే ఉండిపోయింది. ఇన్నేళ్లలో పవన్‌కు ఆ మాట దక్కలేదు.

ఆమె గీత తీసింది. తీసి, కమ్మీని పిడి వైపు నుంచి ఆయనకు అందించింది. కండ్లు ఆయనే తెరవాలి. మౌనాచారి కమ్మీని తీసుకోలేదు. లేచి నీళ్ల తొట్టి దగ్గరికి పోయాడు. శ్రీవాణి కమ్మీని పట్టుకుని అలాగే కూర్చుంది. ఆయన పిలిచింది ఆమెను కాదు, శివమ్మను. శ్రీవాణికి తలకు నీళ్లు పొయ్యమన్నాడు.

గంట తర్వాత తడి జుట్టు ముడి వేసుకుని శ్రీవాణి తూర్పు ముఖంగా కూర్చుంది. మౌనాచారి కూడా స్నానం చేసి వచ్చాడు. షెడ్డులోంచి పవన్ అద్దం తెచ్చాడు. చెక్క చట్రం ఉన్న అద్దం, ఒక మూల పాదరసం పోయింది. పవన్ ఎప్పటిలా దాన్ని పట్టుకుని ముందుకు వచ్చాడు. మౌనాచారి చేయి చాపి అద్దం తీసుకున్నాడు.

"ఇది చిన్నోళ్ల పని గదా నాయనా" అన్నాడు పవన్.

"ఈ పనిలో నేనే చిన్నోడ్ని. నువ్వు పక్కకు జరుగు."

ఆయన పీటకు అవతల గొంతుకూర్చుని అద్దాన్ని రబ్బరుకు ఎదురుగా పట్టాడు. అద్దంలో అమ్మవారు స్వామి ఎడమ తొడ మీద ఉంది. ఇరవై ఏళ్లుగా ఆ అద్దాన్ని పట్టినవాడు పవన్. విగ్రహం వైపు కూర్చుని దాన్ని చూడటమే మౌనాచారికి అలవాటు. వంగి అద్దంలోకి ఒకసారి చూసి, తల ఊపాడు.

శ్రీవాణి మొదటి గాటు పెట్టింది. ఆవగింజలో సగమంత రబ్బరు లేచి వచ్చింది. దాన్ని ఊదలేదు, తడి గుడ్డతో అద్దింది. రెండో గాటు. మూడోది. ఆయన చేతిలో అద్దం కదల్లేదు. అమ్మవారి ఎడమ కన్ను చిన్నది. అక్కడ కమ్మీని నిలువుగా పట్టి, ఊపిరి బిగబట్టి, మొనతో గుచ్చి తిప్పింది. ఎనిమిదో గాటు అయ్యాక కమ్మీని కింద పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

మౌనాచారి చెక్కిన ముక్కను ఏం చేయాలని శివమ్మ అడిగింది. కండ్లు తెరిచాక పారేయకూడదు. ఆయన దాన్ని కడిగించి దేవుడి గూట్లో పెట్టించాడు. అచ్చుకు పనికిరాకపోయినా చూడటానికి అది సరిగ్గానే ఉంది.

ఆ రోజూ మర్నాడూ ఇల్లంతా కార్డులే. శ్రీవాణి ఒక చెక్కపలక మీద రెండు పట్టీలను మూలకు కొట్టింది. కాగితం అంచు వాటికి ఆనిస్తే ప్రతి అచ్చూ ఒకే చోట పడుతుంది. శివమ్మ మడతలు వేసి, స్టీలు గరిటె వీపుతో రుద్దింది. అచ్చయినవి నులక మంచం మీద పరిచారు. మంచం నిండితే చాప. చాప నిండితే షెడ్డులో సాన పట్టిన రాళ్ల మీద. ప్రతి ఇరవై అచ్చులకూ రబ్బరును తడి గుడ్డతో తుడిచి, కండ్లలో సిరా నిలిచిందేమో సూదితో చూసింది. సిరా మందమైన పదకొండు కార్డులు పక్కన పెట్టి, వాటి బదులు మళ్లీ వేసింది. శివప్రసాద్ రాసిచ్చిన లోపలి మాటలు రాత్రిళ్లు కూర్చుని చేత్తో రాసింది. సాత్విక బడి నుంచి వచ్చి ఎండిన వాటిని పాతికల లెక్కన కట్టలు పెట్టింది.

గురువారం మధ్యాహ్నం వెనకవైపు వరుస మొదలుపెట్టింది. శిల్పి మౌనాచారి, ఆళ్లగడ్డ. ఆ అచ్చును బుధవారం సాయంత్రమే చెక్కి పెట్టుకుంది. మొదటి కార్డు మీద నొక్కి ఎత్తేసరికి ఆయన వెనక నిలబడి ఉన్నాడు. కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"ఇదేంది?"

చీరల అంగడి శెట్టి వేయమన్నాడని చెప్పింది.

"ఇంకొకరు చెక్కిన రాయి మీద నా పేరు ఎప్పుడన్నా ఏసినానా?"

"లేదు. నీ పేరైతే పదిమందికి తెలుసంట. బరువుంటాదంట."

"శెట్టికి చీరలు తెలుసు" అన్నాడు మౌనాచారి.

ఆయన ఆ అచ్చును తీసుకుని జేబులో వేసుకున్నాడు. రబ్బరు పట్టీ ఒకటి అడిగాడు. గుడ్డ చుట్టిన కమ్మీ తీసుకుని, అద్దం గోడకు ఆనించి పెట్టుకుని వసారాలో కూర్చున్నాడు. పెన్సిలుతో అక్షరాలు తిరగేసి రాశాడు. అద్దంలో చూశాడు. తుడిచాడు. మళ్లీ రాశాడు. రాయి చేతికి ఎదురు తిరుగుతుంది. రబ్బరు లొంగిపోతుంది. నలభై ఏళ్లు ఎదురుతిరిగే దాని మీద పని చేసిన చేయి, లొంగే దాని మీద ఎక్కడ ఆగాలో తెలియక రెండుసార్లు జారింది. నేను చెక్కి ఇస్తానని శ్రీవాణి ముందుకు వచ్చింది.

"చేస్తాండా గదా. నీ పని నువ్వు చూసుకో."

నాలుగున్నరకు పట్టీని ఆమె పీట మీద పెట్టాడు. ఆమె సిరా అద్ది మొదటి అచ్చు వేసింది. శ్రీవాణి, ఆళ్లగడ్డ. ఆఖరి అక్షరం కొద్దిగా పక్కకు ఒరిగింది. మౌనాచారి దాన్ని చూసి, ఇంకో పట్టీ ఇవ్వమన్నాడు. పట్టీలు అయిపోయాయని ఆమె చెప్పింది. డబ్బాలో ఇంకా మూడు ఉన్నాయి.

శుక్రవారం పదకొండు గంటలకు అంగడిలో పరుపు మీద కట్టలు విప్పింది. శివప్రసాద్ ఒక కార్డు తెరిచి లోపలి మాటలు సరిచూసుకున్నాడు. వెనక్కి తిప్పి ఆగాడు.

"ఆచారి పేరు ఎయ్యమంటి గదమ్మా?"

"చెక్కినోళ్ల పేరే ఎయ్యాలన్నాడు మా నాయన."

ఆచారే అన్నాడా అని అతను మళ్లీ అడిగాడు. ఆమె అవునంది. అతను తల్లి వైపు చూశాడు. నాగేశ్వరమ్మ అప్పటికే ఒక కార్డు తీసుకుని, జరీ పరీక్షించినట్టు గుమ్మం వెలుగుకు పట్టి చూస్తోంది. జూలు చూసింది. పెదవి చూసింది. అమ్మవారి కండ్ల దగ్గర ఎక్కువసేపు ఆగింది. కార్డును కండ్లకు అద్దుకుని, వెనక్కి తిప్పి, పేరు పైకి చదివింది. రెండో కార్డు తీసుకుని వెనకవైపు చూసింది. మూడోది చూసింది.

"ఏందమ్మా శ్రీవాణీ, ముందు పక్క ఒక్క ఎంట్రుక తప్పు పోలేదు. నీ పేరు కాడికొచ్చేసరికి చివరి అక్షరం ఒరిగిందే? అన్నిట్లో అట్లనే ఉండాది."

శ్రీవాణి ఖాళీ అయిన సంచిని మడిచి చంకలో పెట్టుకుంది.

"ముందు పక్క నేను చెక్కినా అవ్వా. ఆ పేరు మా నాయన చెక్కినాడు."